రెండు కప్పల గుండెలు: ఒట్టో లోవీ జీవితం



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరారు. మన సంచికల్లో దేశనాయకుల గురించి, కవుల గురించి, వాగ్గేయకారుల గురించి చాలా వచ్చాయి. అందుచేత ఈసారి నేను ఒక వైద్య శాస్త్రజ్ఞుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు ఒట్టో లోవీ. మన శరీరంలో ఒక నాడీకణం తన కబురును పక్క కణానికి ఎలా అందిస్తుందో ప్రయోగం చేసి చూపించిన మొదటి మనిషి ఆయనే. 1961లో కాలం చేశారు. డాక్టర్లకు, సైన్సు చదివిన పిల్లలకు ఆయన పేరు తెలిసే ఉంటుంది. మనలో చాలామందికి తెలియకపోయినా, ఆయన కనిపెట్టిన దాని ఫలం మన మందుల డబ్బాలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

నాకు ఈయన మీద అభిమానం కలగడానికి నా ఉద్యోగం ఒక కారణం. 1963లో నేను తంతి శాఖలో చేరినప్పుడు ఇంకా మోర్స్ కీ వాడుతుండేవాళ్ళం. ఒక లైను మీద వచ్చే టిక్కుటక్కులను చెవితో విని, కాగితం మీద అక్షరాలుగా వ్రాసుకొని, మళ్ళీ ఇంకో లైను మీద కీ నొక్కి పంపేవాళ్ళం. తీగ మా బల్ల దగ్గర ఆగిపోయేది, కబురు మాత్రం ఆగేది కాదు. రెండు తీగల మధ్య దాన్ని మోసేది ఒక కాగితం. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాములే ఆగిపోయాయి కాబట్టి మన మనుమలకు ఇదంతా పురాణం లాగే ఉంటుంది. నాడీకణాల మధ్య జరిగేది కూడా దాదాపు ఇదే పద్ధతి. కణం పొడవునా కబురు విద్యుత్తుగా పరుగెడుతుంది. చివరకు వచ్చేసరికి తీగ తెగి ఉంటుంది. అక్కడ ఒక రసాయనం కారి, సందు దాటి, అవతలి కణాన్ని తట్టి లేపుతుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతు కాలంలోనే జరుగుతుంది. మా తంతి ఆఫీసులో ఎంత చురుకైనవాడైనా అంత వేగం చూపలేడు.

లోవీ కాలానికి ముందు ఏమి తెలుసో కొంచెం చెప్పాలి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని ఈనాటి లెక్క. అవన్నీ వల లాగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయని ఇటలీ దేశస్థుడు గోల్జీ నమ్మారు. స్పెయిన్ దేశస్థుడు కహాల్ ఆ గోల్జీ కనిపెట్టిన రంగు పద్ధతినే వాడి, 1888 నుంచి వరుసగా చేసిన పరిశీలనల్లో, ఏ కణానికి ఆ కణం విడిగా ఉంటుందని చూపించారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. వేదిక మీద కూడా ఇద్దరికీ పడలేదు. కణానికీ కణానికీ మధ్య ఉన్న ఆ చోటికి 1897లో ఇంగ్లండులో షెరింగ్టన్ సినాప్స్ అని పేరు పెట్టారు. ఆ సందు వెడల్పు మిల్లీమీటరును 50,000 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. దాన్ని కంటితో చూడడం 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో గాని సాధ్యం కాలేదు. మరి కబురు ఆ సందును ఎలా దాటుతుంది? విద్యుత్తే నిప్పురవ్వలా అవతలికి దూకుతుందని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు అనుకునేవారు.

లోవీ 1873 జూన్ 3న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి. కుర్రవాడికి చిత్రకళా చరిత్ర మీద మోజు. ఇంట్లోవాళ్ళు వైద్యం చదవమన్నారు. మన ఇళ్ళలో జరిగేదే అక్కడా జరిగింది. 1891లో స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయంలో చేరి, వైద్యం పాఠాలు ఎగ్గొట్టి తత్త్వశాస్త్రం క్లాసుల్లో కూర్చునేవారట. మొదటి వైద్య పరీక్ష అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. తరువాత మనసు కుదిరి 1896లో పట్టా పుచ్చుకున్నారు.

డాక్టరుగా ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. క్షయ, నిమోనియా రోగుల వార్డుల్లో మనుషులు వరుసగా చనిపోతుంటే డాక్టర్ల చేతిలో ఇవ్వడానికి మందంటూ ఏదీ లేదు. ఆ నిస్సహాయత చూడలేక ఆయన ఆసుపత్రి విడిచి ఔషధశాస్త్ర పరిశోధన వైపు మళ్ళారు. పలాయనమని కొందరనుకోవచ్చు, నేనలా అనుకోను. మందు లేనిచోట నాడి పట్టుకొని కూర్చునేకంటే మందు ఎలా పనిచేస్తుందో వెతకడం తక్కువ పని కాదు. 1898లో మార్‌బర్గులో హాన్స్ మేయర్ అనే ప్రొఫెసరు వద్ద సహాయకుడిగా చేరారు. తిన్న మాంసకృత్తులు ముక్కలై జీర్ణమయ్యాక శరీరం ఆ ముక్కల నుంచే తిరిగి మాంసకృత్తులు తయారుచేసుకోగలదని 1902లో నిరూపించారు. ఆ రోజుల్లోనే ఇంగ్లండు వెళ్ళి హెన్రీ డేల్ అనే యువ శాస్త్రజ్ఞుణ్ణి కలుసుకున్నారు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. 1908లో గ్విడా అనే ఆమెను వివాహమాడారు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. 1909లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ప్రొఫెసరు అయ్యారు. తరువాతి 29 ఏళ్ళు అక్కడే.

ఇక అసలు కథ. కొన్ని మందులు ఇస్తే నాడిని రెచ్చగొట్టినప్పుడు జరిగేదే శరీరంలో జరుగుతుంది. అలాంటప్పుడు నాడి కొసలే అటువంటి పదార్థాన్ని విడుస్తున్నాయేమో అన్న ఊహ 1903లోనే ఒక మిత్రునితో మాట్లాడుతుండగా లోవీకి తట్టింది. నిరూపించే దారి కనపడలేదు. ఊహ మరుగున పడిపోయింది, పదిహేడేళ్ళపాటు.

1920లో ఈస్టరు ఆదివారానికి ముందు రాత్రి నిద్రలో ఆయనకొక ప్రయోగం తోచింది. లేచి, దీపం వెలిగించి, చిన్న కాగితం ముక్క మీద గీకి, మళ్ళీ పడుకున్నారు. ఉదయం ఆరు గంటలకు ఏదో ముఖ్యమైనది వ్రాసినట్టు గుర్తుంది గాని, తన చేతివ్రాత తనకే అర్థం కాలేదు. (డాక్టర్ల చేతివ్రాత ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు!) ఆ రోజంతా ఆయన పడిన యాతన ఇంతా అంతా కాదు. మరునాటి రాత్రి మూడు గంటలకు ఆ ఊహ తిరిగి వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోలేదు. వెంటనే లేచి తిన్నగా ప్రయోగశాలకు వెళ్ళారు.

ప్రయోగం వింటే ఇంతేనా అనిపిస్తుంది. కప్ప గుండెను బయటికి తీసి తగినపాటి ఉప్పునీటిలో ఉంచితే చాలాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. లోవీ రెండు కప్పల గుండెలు తీసుకున్నారు. ఒకదానికి నాడి ఉంచారు, రెండోదానికి తీసేశారు. గుండెకు వచ్చే వేగస్ అనే నాడిని విద్యుత్తుతో రెచ్చగొడితే గుండె నెమ్మదిస్తుందని 1845 నుంచీ లోకానికి తెలుసు. ఆయన మొదటి గుండె నాడిని కొన్ని నిమిషాలు రెచ్చగొట్టారు. అది నెమ్మదించింది. దానిలోని ఉప్పునీటిని తీసి రెండో గుండెలో పోశారు. ఏ నాడీ లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది! గుండెను వేగిరపరచే నాడితో మళ్ళీ చేశారు. ఈసారి రెండో గుండె వేగం పుంజుకుంది. రెండు గుండెల మధ్య తీగ లేదు, నాడి లేదు. అటు నుంచి ఇటు వచ్చింది నీళ్ళు మాత్రమే. కాబట్టి కబురు నీళ్ళలో ఉన్న ఏదో పదార్థంలోనే ఉండాలి. తెల్లవారేసరికి ఆ వివాదంలో సగం తీరిపోయింది. 1921లో దాన్ని ప్రకటించారు. గుండెను నెమ్మదింపజేసిన పదార్థానికి వేగస్ పదార్థం అనే అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టి ఊరుకున్నారు. అదేమిటో అప్పటికి ఆయనకు తెలియదు మరి.

ఈ కథలో కలనే అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన తరువాత చెప్పిన ఇంకొక మాట ముఖ్యమనిపిస్తుంది. పగటిపూట తాపీగా ఆలోచించి ఉంటే ఈ ప్రయోగం చేసి ఉండేవాణ్ణి కానని ఆయనే ఒప్పుకున్నారు. ఎందుకంటే నాడి అటువంటి పదార్థాన్ని విడిచినా, తన గుండెకు సరిపడా మాత్రమే విడుస్తుంది గాని, నీళ్ళలో కలిసి ఇంకో గుండెను ఆడించేటంత మిగులుతుందని ఏ తెలివైనవాడూ అనుకోడు. మిగిలింది. పైగా కప్ప గుండెలోకి నీరు పోసి తీసే ఆ పద్ధతి అంతకు కొద్దికాలం ముందే వేరే పని కోసం ఆయన చేతికి బాగా అలవాటై ఉంది. నిద్రలో వచ్చింది ఊహే గాని, చెయ్యి మాత్రం ఏళ్ళ తరబడి సాధన చేసినది.

లోకం వెంటనే నమ్మలేదు. మరికొందరు అదే ప్రయోగం చేస్తే కుదరలేదు. కప్ప జాతిని బట్టి, ఋతువును బట్టి, వేడిమిని బట్టి ఫలితం మారిపోతుందని తరువాత తేలింది. 1926లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభలో అందరి ముందూ చేసి చూపించమన్నారు. లోవీ ఒకే గుండె మీద 18 సార్లు చేసి చూపారు. పద్దెనిమిదిసార్లూ కుదిరింది. అంతటి సభలో కప్ప గుండె మొరాయిస్తే ఆయన పరువు ఏమయ్యేదో ఊహించుకోండి!

అదే 1926లో లోవీ, ఆయన సహచరుడు నవ్రాటిల్ ఇంకొక సంగతి కనిపెట్టారు. ఈ పదార్థం పుట్టిన క్షణంలోనే గుండెలోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. కబురు అందగానే కాగితాన్ని చింపేసినట్టన్నమాట. చింపకపోతే పాత కబురే మళ్ళీ మళ్ళీ వినపడుతుంది. ఆఫ్రికాలో దొరికే ఒక విషపు గింజ నుంచి తీసిన ఎసెరిన్ అనే మందు ఆ ఎంజైమును ఆపుతుందని, అప్పుడు పదార్థం ఎక్కువసేపు పనిచేస్తుందని వారు చూపించారు. ఆ పదార్థం అసిటైల్‌కోలిన్ అని క్రమేణా రూఢి అయింది. అది జంతు శరీరంలో సహజంగానే ఉంటుందని 1929లో డేల్, డడ్లీ తేల్చారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1980ల్లో మా పెద్దవదినకు విచిత్రమైన జబ్బు చేసింది. ఉదయం బాగానే ఉండేది. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోయేవి, అన్నం నమలలేకపోయేది, మాట ముద్దగా వచ్చేది. పనెగ్గొట్టడానికి నటిస్తోందని బంధువుల్లో ఒకరిద్దరు అన్నారు కూడా. ఆవిడ నాతో, మరిదీ, నన్ను వీళ్ళెవరూ నమ్మటం లేదయ్యా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరకు నరాల డాక్టరుగారు చూసి మయస్థీనియా అని చెప్పి, పిరిడోస్టిగ్మిన్ మాత్రలు ఇచ్చారు. మాత్ర వేసిన ముప్పావు గంటకు రెప్పలు లేచాయి! నాడి కబురు పంపుతూనే ఉన్నా కండరం దగ్గర అందుకునే చేతులు తక్కువైపోవడమే ఆ జబ్బు. కాగితాన్ని త్వరగా చింపకుండా ఆపితే, ఉన్న కొద్ది చేతులకైనా కబురు అందుతుంది. ఎసెరిన్‌తో ఈ రోగం నెమ్మదిస్తుందని 1934లో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ ఇంగ్లండులో చూపించింది. మా వదిన వేసుకున్న మాత్ర ఆ ఎసెరిన్ కుటుంబానిదే. ఆ డాక్టరుగారు ఓపికగా చెప్పబట్టే లోవీ పేరు నేను మొదటిసారి విన్నాను.

పురుగుమందు తాగినవారికి జరిగేది ఇదే పని హద్దు మీరి జరగడం. మన పల్లెల్లో ఎందరి ప్రాణాలో తీసిన ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమును పూర్తిగా పడగొడతాయి. అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట నురగ, చెమటలు, గుండె మందగించడం, ఆఖరుకు ఊపిరి కండరాలు చచ్చుబడడం జరుగుతాయి. అందుకే ఆసుపత్రిలో వెంటనే అట్రోపిన్ ఇస్తారు. ఆ అట్రోపిన్ మన ఉమ్మెత్తలోనూ ఉంది. వేగస్ పదార్థం పనిని అట్రోపిన్ అడ్డుకుంటుందని లోవీ కప్ప గుండె మీదే చూశారు. మన వయసువారికి ఒక మాట: కొన్ని పాతరకం జలుబు మాత్రలు, అలర్జీ మాత్రలు కూడా అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకొని నోరు ఎండడం, మూత్రం బిగపట్టడం, మతి తడబడడం కలిగిస్తాయి. కనుక డాక్టరును అడగకుండా కొనుక్కొని వేసుకోకండి.

నాడి కండరాన్ని కదిలించేటప్పుడూ అసిటైల్‌కోలినే కబురు మోస్తుందని 1936లో డేల్ బృందం చూపించింది. ఆ బృందంలోని ఫెల్డ్‌బర్గ్ యూదుడైనందున బెర్లిన్‌లో ఉద్యోగం పోగొట్టుకొని వచ్చినవాడు. అంత స్వల్పమైన పదార్థాన్ని కొలవడానికి వారు వాడిన త్రాసు ఏమిటనుకున్నారు? జలగ కండరం! ఎసెరిన్‌లో ఊరిన జలగ కండరం ఏ మాత్రం అసిటైల్‌కోలిన్ తగిలినా ముడుచుకుంటుంది. ఆ ఏడాదే లోవీకి, డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. లోవీకి అప్పటికి 63 ఏళ్ళు. మనవంటి వారైతే పింఛను కాగితాలు చూసుకొని కృష్ణా రామా అనుకునే వయసు.

రెండేళ్ళు తిరగలేదు. 1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను మింగేశాడు. మార్చి 11 రాత్రి, తెల్లవారుజామున మూడు గంటల వేళ, తుపాకులు పట్టుకున్న నాజీ కుర్రాళ్ళు డజనుమంది పడకగదిలోకి చొరబడి లోవీని జైలుకు ఈడ్చుకుపోయారు. నేరం యూదుడిగా పుట్టడమే. చిన్న కొడుకులిద్దరినీ అక్కడికే తెచ్చారు. తన్ను చంపేస్తారనే ఆయన అనుకున్నారు. అప్పుడాయన చేసిన పని చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తాజాగా చేసిన ప్రయోగ ఫలితం ఇంకా అచ్చు కాలేదు. కాపలావాణ్ణి బతిమాలి ఒక పోస్టుకార్డు, కలం సంపాదించి, ఫలితాన్ని నాలుగు ముక్కల్లో వ్రాసి ఒక విజ్ఞాన పత్రికకు పోస్టు చేయించారు. ఇక నా సంగతి ఎలా ఉన్నా ఫలితం పోదు అని గుండె తేలికైందట. పోస్టుకార్డు విలువ మన సంఘ సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

రెండు నెలల తరువాత వదిలిపెట్టారు. ఊరికే వదల్లేదు. స్టాక్‌హోమ్ బ్యాంకులో ఉన్న నోబెల్ బహుమతి సొమ్మును నాజీల అధీనంలోని బ్యాంకుకు బదిలీ చేయమని ఆయన చేతనే ఉత్తర్వు వ్రాయించారు. ఇల్లు, వాకిలి, ఆస్తి అన్నీ పోయాయి. సెప్టెంబరులో ఒంటరిగా లండన్ చేరారు. ఇటలీలో ఆమెకున్న ఆస్తి కూడా వదులుకోవాలని భార్యను పట్టి ఉంచారు. ఆమె మళ్ళీ ఆయన్ను చేరుకున్నది 1941లో! ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన దంపతులు, ఆ వయసులో, మూడేళ్ళు విడిగా. నోబెల్ కథలన్నీ కల దగ్గరే ఆగుతాయి. ఈ మూడేళ్ళ గురించి ఎవరూ ఎక్కువ వ్రాయరు.

బ్రస్సెల్స్‌లో కొంతకాలం, ఆక్స్‌ఫర్డులో కొంతకాలం తలదాచుకున్నారు. న్యూయార్కు విశ్వవిద్యాలయం వైద్యకళాశాల పిలిస్తే 1940 జూన్ 1న ఓడ దిగారు. రెండు రోజులు పోతే 67వ పుట్టినరోజు. బయలుదేరేముందు వీసా కోసం వైద్య పరీక్ష చేసి, సర్టిఫికెట్టు కవరులో సీలువేసి ఇచ్చారు. రేవులో గుమస్తా దాన్ని విప్పుతుండగా లోవీ కంట పడింది. ముసలితనంతో చితికిపోయాడు, సంపాదించుకు తినలేడు అని ఉంది! నోబెల్ బహుమతి పొందినవాడికి ఇచ్చిన సర్టిఫికెట్టు అది. వెనక్కి పంపేస్తే హిట్లరు ఎదురొచ్చి స్వాగతం చెబుతాడని ఆయన గుండె జారిపోయిందట. ఆ గుమస్తా పుణ్యాత్ముడు. కాగితాన్ని పట్టించుకోకుండా, రండని లోపలికి పంపించాడు. పేరు తెలియని ఆ గుమస్తాకు ఒక నమస్కారం. కౌంటరు వెనుక కూర్చున్నవాడి చేతిలో ఒక్కొక్కప్పుడు ఎంత ఉంటుందో మనకు తెలుసు.

సంపాదించుకు తినలేడన్న మనిషి ఆ తరువాత ఇరవై ఒక్క ఏళ్ళు బ్రతికారు. పాఠాలు చెప్పారు, వేసవుల్లో వుడ్స్ హోల్ సముద్రతీర పరిశోధనాలయంలో కుర్ర శాస్త్రజ్ఞులతో కాలం గడిపారు. 1946లో అమెరికా పౌరుడయ్యారు. మెదడులో కబురు మోసేది రసాయనమా విద్యుత్తా అనే పోరు ఇంకా సాగుతూనే ఉంది. విద్యుత్తు పక్షానికి పెద్దదిక్కు ఎకిల్స్. 1951లో ఆయన స్వయంగా చేసిన ప్రయోగమే ఆయనకు ఎదురుతిరిగింది. ఆయన మొండికెత్తలేదు, వెంటనే రసాయన పక్షానికి వచ్చేశారు. విద్యుత్తుతోనే కబురు దాటించే సినాప్సులు కూడా కొన్ని ఉన్నాయని 1950ల చివర తేలింది కాబట్టి ఓడినవారు పూర్తిగా ఓడలేదు. 1958లో లోవీ భార్య గతించింది. 1961 డిసెంబరు 25న న్యూయార్కులో, 88వ ఏట, ఆయన కన్నుమూశారు.

ఆయన చూడకుండా పోయిన సంగతి ఒకటి మిగిలింది, అది మన తెలుగుకు తగులుతుంది. అసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి ఒక కట్లపాము విషం నుంచి ఆ గ్రాహకానికి గట్టిగా అతుక్కునే పదార్థాన్ని వేరుచేశారు. దాని పేరు బుంగారోటాక్సిన్. కట్లపాముల జాతికి బుంగారస్ అని శాస్త్రీయ నామం. 18వ శతాబ్దిలో మన కోరమాండల్ తీరాన పాములను సేకరించిన పాట్రిక్ రసెల్, పసుపు నలుపు పట్టీల పామును ఇక్కడివారు పిలిచే బంగారు పాము అన్న పేరుతోనే పుస్తకంలోకి ఎక్కించారు. ఆ బంగారమే లాటిన్ వేషం వేసుకుంది. 1973లో అమెరికాలో ఈ విషాన్నే గుర్తుగా వాడి మయస్థీనియా రోగుల కండరాల్లో గ్రాహకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. ఆరోగ్యవంతుల కంటే అవి బాగా తక్కువగా ఉన్నాయి.